హారర్‌కీ హర్షానికీ మధ్య వెంట్రుకవాసి

మంత్రిగారు హర్షం వ్యక్తం చేశారు. గ్రామస్థులు హర్షం వ్యక్తం చేశారు. సభికుల హర్షధ్వానాల మధ్య జ్యోతి ప్రజ్వలన జరిగింది. జిల్లా పేజీ తిరగేస్తే ఎక్కడో ఒకచోట ఈ హర్షం తగలక మానదు. అచ్చులో నలిగీ నలిగీ ఆ మాటకు ఇప్పుడు ఇస్త్రీ చొక్కా పెద్దరికం వచ్చింది గానీ, పుట్టినప్పుడు అదింత మర్యాదస్తురాలు కాదు. సంస్కృతంలో 'హృష్' అనే ధాతువుకు సంతోషించడమనే కాక, వెంట్రుకలు నిక్కబొడుచుకోవడమనే అర్థం కూడా ఉంది. ఈ రెంటిలో వెంట్రుకల అర్థమే పాతదంటారు భాషా చరిత్ర తవ్వినవాళ్లు. ఒంటిమీద రోమం లేచి నిలబడితేనే హర్షం. ఆ లెక్కన బస్సు షెల్టరు ప్రారంభోత్సవంలో ఎవరికెన్ని రోమాలు లేచాయో విలేకరి లెక్కపెట్టి రాయాలి.

సంస్కృతానికీ లాటిన్‌కీ పుట్టిల్లు ఒకటే. హృష్‌కు లాటిన్‌లో ఒక తోబుట్టువు ఉంది, 'హొర్రేరే'. బిరుసుగా లేచి నిలబడటం దాని అసలు అర్థం. ఆ తర్వాత వణకడం, హడలిపోవడం వచ్చి చేరాయి. దాని బిడ్డే హారర్. రెండో ఆట దయ్యాల సినిమా చూసి, ఇంటికొచ్చి లైటు ఆర్పడానికి భయపడే హారర్ అదే. ఒకే పుట్టింటి ఆడపడుచులు. ఒకరిని ఆనందానికిచ్చారు, ఇంకొకరిని భయానికిచ్చారు.

ఈ చుట్టరికంలోకే 'హిర్సూట్' అనే ఇంగ్లిష్ మాటను కూడా చాలామంది నిఘంటుకారులు చేరుస్తారు. లాటిన్‌లో హిర్సూటుస్ అంటే దట్టంగా, గరుకుగా వెంట్రుకలున్నది. 17వ శతాబ్దం మొదట్లో ఇంగ్లిష్‌లోకి వచ్చింది. ఇప్పుడది రెండు చోట్ల ఎక్కువగా వినబడుతుంది. ఒకటి చర్మవ్యాధుల, స్త్రీవ్యాధుల డాక్టర్ల గదుల్లో. రెండోది పత్తి పరిశోధన క్షేత్రాల్లో. ఈ రెండో సంగతి తెలుగువాళ్లకు బాగా దగ్గరిది.

లేచిన రోమం

ముందు ఆ నిక్కబొడుచుకోవడం సంగతి. ప్రతి రోమం మొదట్లో చర్మం కింద దారప్పోగులాంటి కండరం ఒకటుంటుంది. చలి వేసినా, భయమేసినా, మంచి పాటకు గుండె కరిగినా నాడులు ఆ కండరాన్నే బిగిస్తాయి. వాలి ఉన్న రోమం నిలబడుతుంది, దాని మొదట్లో చర్మం చిన్న బుడిపెలా ఉబుకుతుంది. పిల్లికి కుక్క ఎదురైనప్పుడు ఒక్కసారిగా రెండింతలు కనబడేది ఈ కండరాల చలవే. చలికాలంలో బొచ్చు లేస్తే మధ్యలో గాలి నిలిచి ఒంటి వేడిని పట్టి ఉంచుతుంది. మనిషికి ఈ రెండు లాభాలూ పోయాయి, కండరం మాత్రం మిగిలిపోయింది. మనుషుల్లో, జంతువుల్లో భావాలు బయటపడే తీరు మీద 1872లో వేసిన పుస్తకంలో డార్విన్ ఈ వెంట్రుకల వ్యవహారం చాలానే రాశాడు.

నిజానికి మనిషి వెంట్రుకల్లేని జంతువేమీ కాదు. ఒంటిమీద రోమకూపాలు 50 లక్షల దాకా ఉంటాయి. అందులో తలమీదవి లక్ష మాత్రమే. ఈ లెక్కలో చింపాంజీకీ మనకూ పెద్ద తేడా లేదు. దానికి మొలిచేది పొడవుగా, ముదురుగా ఉంటుంది. మనకు చాలాచోట్ల కంటికి ఆనని నూగు.

రోమాలు లేచిన చర్మంలో ఇంగ్లిష్‌వాళ్లకు ఈకలు పీకిన బాతు కనబడింది. సంస్కృత కవులకు ముళ్లు కనబడ్డాయి, కంటకితం అన్నారు. పనసకాయకు అమరకోశం ఇచ్చిన పేరు కంటకిఫలం, కాబట్టి పులకించిన చెంపకూ పనస తొక్కకూ ఒకే మాట సరిపోయింది. తెలుగు ఈ విషయంలో ఇంకాస్త గడుసుది. బల్లి మీద పడితే ఒళ్లు జలదరిస్తుంది. అర్ధరాత్రి గజ్జెల చప్పుడు వినబడితే గగుర్పొడుస్తుంది. మనవడు తొలిసారి 'తాతా' అంటే పులకరిస్తుంది. లోపలి కండరానికి ఈ మూడింటి తేడా తెలియదు. తెలిసింది మన మాటకే.

వ్యాసుడు పురాణాలు అప్పగించిన శిష్యుడి పేరు రోమహర్షణుడు. ఆయన కథ చెబుతుంటే విన్నవాళ్ల రోమాలు లేచి నిలబడేవట, అందుకే ఆ పేరని పురాణాలే చెబుతాయి. ఆయన కొడుకు ఉగ్రశ్రవసుడు నైమిశారణ్యంలో శౌనకాది మునులకు భారతం చెప్పాడు. రాజమహేంద్రవరంలో నన్నయ తెలుగు చేసిన భారతానికీ తెర లేచేది అక్కడే. కథకుడికి ఇంతకన్నా పెద్ద బిరుదు ఏముంటుంది? ఇవాళ మొదటి ఆట చూసి బయటికొచ్చిన కుర్రాడు మైకు ముందు 'ఇంటర్వెల్‌కి గూస్‌బంప్స్ అన్నా!' అని అరుస్తాడు. రోమహర్షణం అన్నమాటే. ఆ మాట వాడికి బాతు దారిన వచ్చింది, అంతే తేడా.

హృషీకేశుడు అన్న పేరులోనూ ఈ తకరారుంది. హృషీకాలు అంటే ఇంద్రియాలు, వాటికి ఈశుడు అని మామూలుగా చెప్పే అర్థం. పదాన్ని ఇంకోచోట విరిస్తే హృష్ పక్కన కేశం తేలుతుంది. విష్ణు సహస్రనామ భాష్యంలో శంకరులు రెండు దారులూ చూపించారు. సూర్యచంద్రుల కిరణాలనే కేశాలుగా చెప్పి, లోకాన్ని సంతోషపెట్టే ఆ కేశాలు కలవాడన్నారు. నాకైతే ఇంద్రియాల మీద పెత్తనం చేసే దేవుడికంటే వెలుగే జుట్టుగా ఉన్న ఈ దేవుడే నచ్చుతాడు.

ఎక్కడ మొలిస్తే ఆ పేరు

తలమీద ఉంటే జుట్టు, జడ, కొప్పు, కురులు. నుదుటి మీదికి జారితే ముంగురులు. పసివాడికైతే పుట్టువెంట్రుకలు. వయసొస్తున్న కుర్రాడి మూతి మీద నూనూగు. మొక్కు తీర్చుకుంటే తలనీలాలు. తిరుమల కల్యాణకట్టలో కత్తి కింద రాలేది అవే వెంట్రుకలైనా అక్కడ ఎవరూ ఆ మాట వాడరు. చేతిమీద, కాలిమీద ఉంటే రోమాలు. గొర్రెకో ఎలుగుబంటికో మొలిస్తే బొచ్చు.

ఈ చివరి మాట తెలుగులో అన్యాయమైపోయింది. పాత నిఘంటువులు తీస్తే పశువుల వెంట్రుక, ఉన్ని, పక్షుల మెత్తటి ఈక అనే అర్థాలే కనబడతాయి, వంక పెట్టడానికేమీ లేదు. నాటుకోడిని తెస్తే ముందు బొచ్చు పీకుతారు, పసుపు రాసి మంటమీద కాలుస్తారు, మిగిలిన నూగు కూడా పోతుంది. మేక తలకాయ అమ్మేవాడు బొచ్చు కాల్చి ఇవ్వమంటారా అని అడుగుతాడు. పక్కింటి బొచ్చుకుక్క ఎంత ముద్దొస్తుందో చెప్పడానికి ఎవరూ గొంతు తగ్గించరు. అదే మాటను మనిషి మీదికి తెస్తే మాత్రం కొట్లాటే. ఆ తిట్టేమిటో ఇక్కడ రాయనక్కర్లేదు, తెలియనివాళ్లు లేరు. పశువుకు చెందిన మాటను మనిషికి అంటగట్టడమే అందులోని అవమానం.

దీని పక్కన పడి 'బొచ్చెడు' అనే అమాయకురాలు కూడా చెడ్డపేరు మోస్తోంది. 'బొచ్చెడు పనుంది' అంటే పెద్దవాళ్లు ముఖం చిట్లిస్తారు. బొచ్చె అంటే గిన్నె, చిప్ప. గంపెడు, చారెడు, గుప్పెడు ఎలాంటివో బొచ్చెడూ అలాంటిదే, గిన్నె నిండా అని. వెంట్రుకతో దానికి ఏ సంబంధమూ లేదు.

బొచ్చును గౌరవంగా పలికే నోళ్లు తెలంగాణ కురుమలవి. దక్కనీ గొర్రెకు నల్లగా, మొరటుగా ఉన్ని వస్తుంది. ఏడాదికి రెండుసార్లు మందను కడిగి బొచ్చు కత్తిరిస్తారు, ఏకుతారు, వడుకుతారు, చింతగింజల గంజి పట్టించి మగ్గం మీద నేస్తారు. అలా తయారయ్యే గొంగడి మెడకు తగిలితే గుచ్చుకుంటుంది. కానీ వానలో మందతోపాటు నిలబడేవాడికి మెత్తదనం అక్కర్లేదు. నీళ్లు కిందికి జారిపోతే చాలు, రాత్రికి అదే పరుపు, అదే దుప్పటి. వెంట్రుకలున్న పురుగుకు మనవాళ్లు గొంగళిపురుగని పేరు పెట్టింది కూడా ఈ నేతను చూసే.

నెల్లూరు గొర్రెది వేరే కథ. దేశంలో అన్నిటికన్నా పొడగరి జాతి అది. పల్ల, జోడిపి, డోర అని మూడు రకాలు. దానికి ఉన్ని రాదు. ఒంటికి అంటుకుని పొట్టి వెంట్రుకే ఉంటుంది, కొత్తవాళ్లు దూరం నుంచి చూసి మేక అనుకుంటారు. పశువైద్యులు గొర్రెల్ని ఉన్ని జాతులు, వెంట్రుక జాతులని విడదీస్తారు. మాంసానికి గిరాకీ పెరిగేకొద్దీ కాపర్లు వెంట్రుక జాతి వైపు మొగ్గారు. ఉన్ని కొనేవాడు కరువయ్యాడు. కత్తిరించిన కూలి కూడా రాకపోతే బొచ్చు ఎంత నాణ్యమైనదైతే ఏంటి?

పత్తిచేలో హిర్సూటుస్

ఆదిలాబాద్ నల్లరేగడిలో, వరంగల్ మార్కెట్ యార్డులో, గుంటూరు జిన్నింగ్ మిల్లులో తెల్లగా గుట్టలు పడే పత్తికి వృక్షశాస్త్రంలో పేరు గాసిపియం హిర్సూటం. 1763లో లినేయస్ పెట్టిన పేరది. హిర్సూటం, అంటే బొచ్చుది. ఆకుల మీద, లేత కొమ్మల మీద ఉండే నూగు పేరుకెక్కింది. అమెరికా ఖండపు మొక్క. ఇవాళ ప్రపంచంలో పండే పత్తిలో నూటికి 90 పాళ్లు ఇదే. మన దగ్గర 2002లో అనుమతి వచ్చాక చేలన్నీ కమ్మేసిన బీటీ హైబ్రిడ్లు కూడా ఈ జాతివే.

మొక్కకు ఆ బొచ్చు అలంకారం కోసం లేదు. లేత ఆకును వెనక్కి తిప్పి ఈనెల వెంట చూపుడువేలు రాస్తే గరుకుగా తగులుతుంది. పచ్చదోమ వచ్చి వాలేది ఆ అడుగు వైపునే. రసం పీలుస్తుంది, ఈనెల్లో గుడ్లు దూరుస్తుంది. ఆకు అంచులు పసుపెక్కి, ఎర్రబారి, కిందికి ముడుచుకుపోతాయి. నూగు పొడవుగా, దట్టంగా ఉన్న ఆకు మీద దోమకు పొసగదు, గుడ్డు పెట్టడానికి చోటు దొరకదు. దక్షిణాఫ్రికాలో ఒకప్పుడు పచ్చదోమ పత్తిని దాదాపు తుడిచిపెట్టే పరిస్థితి వస్తే, శాస్త్రవేత్తలు బొచ్చు ఆకుల మొక్కల్ని ఏరి ఏరి నిలబెట్టారు. మన ప్రజననకారులూ ఆ దారే పట్టారు.

ఇంతటితో అయిపోతే బాగానే ఉండేది. తెల్లదోమకు మళ్లీ నూగు ఆకులే ఇష్టం. శనగపచ్చ పురుగు తల్లి కూడా నున్నటి ఆకు కన్నా గరుకు ఆకు మీదే ఎక్కువ గుడ్లు పెడుతుంది. ఒక దొంగకు తలుపేస్తే ఇంకో దొంగకు తీసినట్టయింది. అందుకే పత్తి పరిశోధన క్షేత్రాల్లో ఆకుల నూగును భూతద్దం కింద పెట్టి, ఇంత వైశాల్యానికి ఎన్ని వెంట్రుకలు అని లెక్కపెడతారు. రైతుకు ఆ లెక్క చేరదు. విత్తన ప్యాకెట్ మీద కాయ బొమ్మ ఉంటుంది గానీ ఆకు గరుకో నునుపో ఎవరూ రాయరు. రసం పీల్చే పురుగుకు సీజన్లో ఎన్ని మందులు కొట్టాలన్నది కొంతవరకు దానిమీదే ఆధారపడి ఉన్నా సరే.

అసలు పత్తి కూడా వెంట్రుకే. పువ్వు విచ్చుకున్న రోజుల్లోనే లోపలి గింజ పైచర్మంలో కొన్ని కణాలు ఉబ్బుతాయి. ఒక్కో కణం ఒక్కో పోగవుతుంది. అది చీలి రెండు కాదు. సాగుతుంది, సాగుతూనే ఉంటుంది. తన వెడల్పుకు వెయ్యి రెట్లు దాటి మూడు సెంటీమీటర్ల దాకా పెరిగి, గోడలు మందమెక్కి, కాయ పగిలాక ఎండి మెలితిరుగుతుంది. మనం కట్టుకునే చీర, పంచె, లుంగీ అన్నీ గింజకు మొలిచిన జుట్టే. శ్రీకాకుళం జిల్లా పొందూరులో ఆ సంగతి ఎవరూ చెప్పకుండానే తెలిసినట్టుంది. అక్కడి సన్నఖద్దరు కోసం దేశవాళీ పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో శుభ్రం చేస్తారు. ఆ దవడలో పళ్లు దగ్గర దగ్గరగా, సూదుల్లా ఉంటాయి. ఆడవాళ్లు గింజను పట్టుకుని పోగుల్ని ఆ పళ్లతో దువ్వుతారు. చెత్త పోయి, పోగులన్నీ ఒకే వైపు వాలుతాయి.

రోమశ

ఋగ్వేదం మొదటి మండలం 126వ సూక్తంలో చివరి మంత్రం రోమశ అనే స్త్రీది. సింధు తీరాన ఏలుతున్న స్వనయుడి భార్య అని సంప్రదాయం చెబుతుంది. పేరుకే రోమాలున్నది అని అర్థం. తనను తక్కువ అంచనా వేయొద్దని, దగ్గరికొచ్చి తాకి చూడమని భర్తను పిలుస్తూ, గాంధార దేశపు గొర్రెతో తనను పోల్చుకుంటుంది. ఒళ్లంతా రోమమే అని చెప్పడంలో సిగ్గు లేదు సరికదా, ఎదిగిన ఆడదాన్నన్న ధీమా ఉంది. గాంధారం ఉన్నికి పేరుపడ్డ నేల. ఆ రోజుల్లో ఆ గొర్రెతో పోలిక అంటే సంపదతో పోలిక. ఆ మంత్రం దగ్గరికొచ్చేసరికి కొందరు అనువాదకులు తడబడ్డారు. పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లిష్ అనువాదకుడు గ్రిఫిత్ దాన్ని ఇంగ్లిష్‌లో పెట్టడానికి మొహమాటపడి, లాటిన్‌లోకి మార్చి పుస్తకం చివర దాచాడు.

మరో కాలంలో, మరో ఖండంలో జూలియా పాస్ట్రానా అనే మెక్సికో అమ్మాయికి ముఖం, ఒళ్లు అంతా నల్లటి వెంట్రుకలు. 1850లలో ఆమెను అమెరికాలో, ఐరోపాలో టికెట్టు పెట్టి చూపించారు. పాడేది, ఆడేది, మూడు భాషలు మాట్లాడేది. పోస్టర్లకు అవేవీ పట్టలేదు, ఎలుగుబంటి ఆడది అని వేసుకున్నారు. 1860లో మాస్కోలో బిడ్డను కని చనిపోయింది. చనిపోయాక శవానికి మందులు పూసి మళ్లీ టికెట్టు పెట్టారు. తిరిగి తిరిగి నార్వే చేరిన ఆ దేహాన్ని సొంతగడ్డ సినలోవాలో పూడ్చిపెట్టింది 2013లో.

ఇప్పుడు ప్రదర్శనశాలల బదులు క్లినిక్కులున్నాయి, అది నయమే. మగవాళ్లకు మొలిచేచోట ఆడవాళ్లకు ముదురు వెంట్రుకలు మొలిస్తే దాన్ని హిర్సూటిజం అంటారు. 1961లో లండన్ వైద్యులు ఫెర్రిమాన్, గాల్వే దానికో కొలబద్ద తయారుచేశారు. పైపెదవి, గడ్డం, ఛాతీ, వీపు, తొడలు ఇలా ఒంటిని భాగాలు చేసి, ఒక్కోదానికి సున్నా నుంచి నాలుగు దాకా మార్కులు. మొదట 11 భాగాలుండేవి, తర్వాత తొమ్మిదికి కుదించారు. మొత్తం 36కు ఎనిమిది గానీ అంతకు మించి గానీ వస్తే ఆ పేరు పెడతారు. ఏ దేశపు ఆడవాళ్లకైనా ఎనిమిదే గీతా అన్న పేచీ ఇంకా తెగలేదు. కొన్ని జాతుల్లో సహజంగానే ఎక్కువ, కొన్నింట్లో తక్కువ. చాలామందిలో కారణం పీసీఓఎస్, అండాశయాల్లో నీటితిత్తుల సమస్య. 1935లో షికాగోలో స్టెయిన్, లెవెంతాల్ ఏడుగురు స్త్రీలను చూసి రాసిందే దానిమీద తొలి ప్రసిద్ధ పత్రం. ఆండ్రోజెన్ హార్మోను ఎక్కువైతే కంటికి కనబడని నూగు కాస్తా నల్లబడి, లావెక్కి పైకొస్తుంది. ఆ నూగుకు డాక్టర్లు పెట్టిన పేరు వెల్లస్. లాటిన్‌లో గొర్రె ఉన్ని అని అర్థం. గాంధారపు గొర్రె ఇక్కడ కూడా వదల్లేదు.

మందు వేసుకున్నా ఫలితం కనబడటానికి కనీసం ఆరు నెలలు పడుతుంది, ఎందుకంటే ఇప్పటికే మొలిచిన వెంట్రుక తన కాలం తీరేదాకా రాలదు. చాలామంది రెండో నెలలోనే విసిగి మానేస్తారు. ఆ సందులోకి క్రీములవాళ్లు, లేజర్ ఆఫర్లవాళ్లు, పసుపూ సున్నిపిండీ చెప్పే పెద్దమ్మలూ వస్తారు. ప్రకటనల్లో దాని పేరు 'అవాంఛిత రోమాలు'. ఎవరికి అవాంఛితమో రాయరు.

డాక్టరు ఫైల్లో హిర్సూటిజం అని ఇంగ్లిష్‌లో రాసుకుంటారు. ఆ అమ్మాయి నోట ఆ మాట రాదు, రోమాలనీ అనదు, వెంట్రుకలనీ అనదు. గడ్డం కింద వేలు పెట్టి చూపిస్తూ, 'ఇక్కడ కొంచెం వస్తున్నాయి మేడమ్' అంటుంది. కర్త లేకుండానే వాక్యం నిలబడిపోయే భాష మనది. మేడమ్ కూడా ఏమిటవి అని అడగరు. పీరియడ్స్ నెలనెలా సరిగ్గా వస్తున్నాయా అని అడిగి, బరువు చూసే మిషను వైపు చెయ్యి చూపిస్తారు.